ఇల్లు దాటిన పిల్లలు: చట్టం ఎవరిని తప్పుపట్టింది?

ఈసారి సెలవులకు ఊరెళ్తే మా గూడెంలో ఒక సంగతి తెలిసింది. పదహారు నిండిన తమ్ముడొకడు ఇంట్లో చెప్పకుండా ఒక మేస్త్రీ వెంట పనికి పోయాడు. నెల రోజులైనా ఫోన్ లేదు. అయినా అమ్మానాన్నలు స్టేషన్‌కి పోలేదు. ఎందుకంటే "కంప్లైంట్ ఇస్తే మీ పిల్లోడినే లోపలేస్తారు" అని ఎవరో చెప్పారట. తిరిగొచ్చాక వాడిని అడిగితే వాడిదీ అదే భయం. కూలి డబ్బులు ఇవ్వకపోయినా పోలీసుల దగ్గరకు పోలేదు, "ఇంట్లోంచి పారిపోయి వచ్చావు" అని తననే పట్టుకుంటారని. ఇటు వీళ్లకీ భయం, అటు వాడికీ భయం. లాభపడింది మేస్త్రీ ఒక్కడే.

అసలు 18 నిండకుండా, పెద్దవాళ్లకు చెప్పకుండా ఇల్లు వదిలితే చట్టం ఏమంటుంది? ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇల్లు వదలడం పిల్లల నేరం కాదు. కానీ ఈ ముక్క వెనుక 160 ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తేనే భయం పోతుంది.

మొదలు 1860లో. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 361వ సెక్షన్ ఉంది. మైనర్‌ని సంరక్షకుడి అనుమతి లేకుండా తీసుకుపోయినా, ఆశ చూపి రప్పించుకున్నా అది కిడ్నాప్. అప్పట్లో మైనర్ అంటే మగపిల్లలకు 14 ఏళ్ల లోపు, ఆడపిల్లలకు 16 ఏళ్ల లోపు. 1949లో దాన్ని 16, 18 చేశారు. శిక్ష ఏడేళ్ల దాకా. ఇందులో రెండు విషయాలు గమనించండి. శిక్ష తీసుకుపోయినవాడికే, వెళ్లిన పిల్లలకు కాదు. రెండోది, అడగాల్సింది సంరక్షకుడి అనుమతి, పిల్లల ఇష్టం లెక్కలోకి రాదు. "వాళ్లే ఇష్టపడి వచ్చారు" అంటే తీసుకుపోయినవాడు తప్పించుకోలేడు. అంటే ఆ చట్టం ముందుగా కాపాడింది పెద్దవాళ్ల హక్కుని.

1890లో సంరక్షకులు, మైనర్ల చట్టం వచ్చింది. దాని 25వ సెక్షన్ ప్రకారం మైనర్ తనంతట తాను ఇల్లు వదిలినా సరే, తిరిగి సంరక్షకుడికి అప్పగించమని కోర్టు ఆదేశించవచ్చు. అందుకోసం పట్టుకుని తెప్పించవచ్చు కూడా. "పిల్లల్ని అరెస్ట్ చేస్తారు" అని మనోళ్లు అనుకోవడానికి ఇలాంటి మాటలే కారణం కావచ్చు. కానీ అది శిక్ష కాదు, ఇంటికి చేర్చడం. అదీ తిరిగి రావడం ఆ పిల్లలకు మేలు అని కోర్టు అనుకుంటేనే. ఈ చట్టం ఇప్పటికీ ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. కాబట్టి పిల్లల సంరక్షణ గొడవ కోర్టుకెక్కితే మనకు ఈ 1890 చట్టం ముఖ్యం.

మరి అప్పుడు మన ఏజెన్సీలో ఏం జరిగేది? 1839లోనే గంజాం, విశాఖ కొండప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టర్‌ని ఏజెంటుగా పెట్టి ఆయన కింద ఉంచారు. ఇంటి గొడవలు, పెళ్లి తగాదాలు ఎక్కువగా కులపెద్దల దగ్గరే తేలేవి. మనలో చాలా తెగల్లో ఇష్టపడినవాడితో పిల్ల వెళ్లిపోవడం కూడా పెళ్లిలో ఒక పద్ధతే. ఒడిశా సరిహద్దు వైపు దాన్నే ఉదులియా అంటారు. తర్వాత పెద్దలు కూర్చుంటారు, ఓలి మాట్లాడతారు, తప్పు కట్టిస్తారు, ఊరికి భోజనం పెట్టిస్తారు. ఇల్లు దాటిన పిల్లని ఎవరూ దొంగలా చూడలేదు. అది మన ఆచారంలో మంచి. అయితే ఆ కూర్చున్న చోట పిల్ల వయసెంత, పిల్ల నోటి మాట ఏమిటి అని అడగని సందర్భాలూ ఉన్నాయి. అదీ ఒప్పుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చాక సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. 1964 నాటి వరదరాజన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ మద్రాస్. కాలేజీ చదివే అమ్మాయి, 18 నిండడానికి ఇంకా ఆరు వారాలు. తనే ఇల్లు వదిలి, తనే ఫోన్ చేసి అతన్ని రమ్మని, పెళ్లి రిజిస్టర్ చేయించుకుంది. కింది కోర్టులు అతనికి శిక్ష వేశాయి. సుప్రీంకోర్టు కొట్టేసింది. "తీసుకుపోవడం" వేరు, తనంతట తాను వచ్చిన మైనర్ వెంట "ఉండనివ్వడం" వేరు అని చెప్పింది. పిల్లలకూ ఒక బుద్ధి ఉంటుందని పెద్ద కోర్టు గుర్తించిన తీర్పు ఇది.

కానీ తమ్ముళ్లూ, దీన్ని లైసెన్సు అనుకోవద్దు. 1973లో ఠాకూర్‌లాల్ వడ్గామా కేసులో అదే సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. అక్కడ ఒక ఫ్యాక్టరీ యజమాని చిన్నపిల్లకు ముందు నుంచీ బహుమతులిచ్చి, ఆశలు పెట్టాడు. చివరి రోజు పిల్ల తన కాళ్ల మీద నడిచి వచ్చినా, ఆ నడకకు దారి వేసింది అతనే అని కోర్టు చూసింది. అడ్వాన్సులు, సెల్‌ఫోన్లు చేతిలో పెట్టి మన పిల్లల్ని పనికి తీసుకుపోయేవాళ్లను ఈ కేసు పక్కన పెట్టి చూడండి.

తర్వాత చట్టం చూపు మెల్లగా మారింది. 2013లో, పిల్లలు కనపడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2015 బాలల న్యాయ చట్టం, ఇంటి నుంచి వెళ్లిపోయిన పిల్లల్ని "సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలు" అన్నది. నేరస్థులు అనలేదు. దొరికిన 24 గంటల్లో, ప్రయాణ సమయం కాకుండా, బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇంట్లో కొడుతున్నారనో, బలవంతపు పెళ్లి చేస్తున్నారనో వచ్చేస్తే, ఆ మాట సమితికి చెప్పుకోవచ్చు.

మన ఆచారానికి గట్టిగా తగిలింది ఇంకో రెండు చట్టాలు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టంలో తెగలకు మినహాయింపు లేదు. పిల్లకు 18, పిల్లాడికి 21 నిండాలి. సంరక్షకుడి దగ్గర నుంచి తీసుకుపోయి చేసుకున్న మైనర్ పెళ్లి అసలు చెల్లదు. 2012 పోక్సో చట్టంలో 18 లోపు "ఇష్టం" అనే మాటకు విలువ లేదు. పిల్ల కాన్పు కోసం పీహెచ్‌సీకి వెళ్తుంది, వయసు 17 అని తేలుతుంది, డాక్టర్ పోలీసులకు చెప్పక తప్పదు. ఓలి కట్టాం, పెద్దలు ఒప్పుకున్నారు అన్నా కేసు ఆగదు. పిల్లాడు జైలుకి, పిల్ల బిడ్డతో పుట్టింటికి. ఇష్టపడి చేసుకోవడం మన ఆచారం ఇచ్చిన హక్కు, దాన్ని ఎవరికీ వదులుకోవద్దు. కానీ ఆ వయసు దాకా ఆగడం మన చేతుల్లోనే ఉంది.

చివరిది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత. 137వ సెక్షన్‌లో ఆడా మగా తేడా తీసేసి 18 లోపు అందరినీ పిల్లలే అన్నారు. మా గూడెం తమ్ముడికి 16 నిండాయి కదా. పాత చట్టంలో వాడిని తీసుకుపోవడం ఈ కిడ్నాప్ కిందికి వచ్చేది కాదు. ఇప్పుడు వస్తుంది. తప్పు వాడిది కాదు, మేస్త్రీది. పిల్లల బాధ్యత చట్టప్రకారం అప్పగించబడినవాళ్లు కూడా సంరక్షకులే అని ఆ సెక్షన్ చెప్తుంది కాబట్టి, హాస్టల్ నుంచి తీసుకుపోయినా ఇదే మాట.

కాబట్టి ఎవరైనా పిల్లలు కనపడకపోతే ఆ రోజే వెళ్లండి. మన స్టేషన్ పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. పిల్లలు తామే ఆపదలో ఉంటే 1098కి చేయొచ్చు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది.

ఆ తమ్ముడు ఇప్పుడు మళ్లీ కాలేజీకి పోతున్నాడు. కూలి డబ్బులు మాత్రం ఇంకా రాలేదు. దాని కోసం కాగితం రాసే పనిలో ఉన్నాం. మీరు ఈ పోస్ట్ చదివి ఊరుకోకుండా, ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలకు మన భాషలో చెప్పండి. వాళ్లకు తెలుగులో రాసింది చదివే తీరిక ఉండదు, భయం మాత్రం చాలా ఉంది.