క్షౌరశాలయందలి పీఠము, దర్పణము

రాజుల సింహాసనములను గూర్చి వ్రాసిన చరిత్రకారులు పెక్కుమంది కలరు. ఆ రాజులకు క్షౌరము చేసిన చేతులు నిలిచి పనిచేసెనో, నేలపై కూర్చుండి పనిచేసెనో విచారించినవారు అరుదు. మన సభా సంచికలలో వృత్తియొక్క ప్రాచీనతను గూర్చియు, వైద్య సంగీతములయందు మన పూర్వులకు గల ప్రావీణ్యమును గూర్చియు వ్రాయుట ఆచారము. అవి వ్రాయదగినవే. కాని ఈ పర్యాయము మేము అంతకన్న చిన్న వస్తువును ఎత్తుకొనుచున్నాము. క్షౌరశాలలో వచ్చినవారిని కూర్చుండబెట్టు కుర్చీ, దాని యెదుటి అద్దము, అద్దము క్రింది బల్ల, ఇవియే మా విషయము. క్రొత్తగా దుకాణము పెట్టదలచిన యువకులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యిదియే: ఎట్టి కుర్చీలు కొనవలయును, ఎన్ని కొనవలయును అని. ధర చెప్పిన చాలునని వారి తలంపు. వెనుకటి కథ చెప్పక ధర మాత్రము చెప్పుట మాకు చేతకాలేదు.

మన తాతల కాలమున పల్లెలలో క్షౌరశాల యనునది లేదు, పొదియే క్షౌరశాల. కత్తి, కత్తెర, గోరుగల్లు, సానరాయి, తోలుపట్టె, దువ్వెన, అరచేతి యద్దము, నీళ్లగిన్నె, ఇవి యన్నియు పొదిలో ఇమిడియుండెడివి. ఇంటింటికి తిరిగి, పెరటిలోనో, వసారా చివరనో, చెట్టునీడనో పనిచేయుచుండిరి. చేయించుకొనువాడు పీటమీద కూర్చుండును; చేయువాడు అతని యెదుట గొంతుకూర్చుండును. అద్దము చేయించుకొనువాని చేతిలోనే యుండును. కూలి రొక్కము కాదు. పంట కళ్ళమునకు వచ్చినపుడు కొలిచియిచ్చెడి మేర. స్థలము ఆసామిది, వేళ ఆసామిది, పీట ఆసామిది. పొది యొక్కటే మనది. పెండ్లికి, పురిటికి మన చేతులే కావలయును. క్షౌరము ముగిసినంతనే తలస్నానము చేసిగాని ఆసామి యింట అడుగిడడు. ఈ సంగతి తెలియనివారు మనలో లేరు గనుక విస్తరింపము. గంటల కొలది గొంతుకూర్చుండి పనిచేసిన ఆ పెద్దలు ముదిమియందు మోకాళ్ళు పట్టుకొని లేచుట మాత్రము మేము కన్నులార చూచినాము.

పట్టణములు పెరిగి, కచేరీలు, పాఠశాలలు, రైలు స్టేషనులు వచ్చిన పిదప బజారులో అద్దెకు గది తీసికొని కుర్చీ వేసినవారే మన వృత్తిలో మొదటి విప్లవకారులని మా యభిప్రాయము. ఆ దినముతో ఆసామి మన గుమ్మము త్రొక్కవలసివచ్చెను; తన వంతు వచ్చువరకు బల్లమీద కూర్చుండి వార్తాపత్రిక చదువుకొనవలసివచ్చెను; లేచునపుడు రొక్కమీయవలసివచ్చెను. నేలపై గొంతుకూర్చున్నవాడు లేచి నిలువబడెను. ఆ కాలపు కుర్చీ తల ఆనించుటకు వెనుక దిండు అమర్చిన కొయ్యకుర్చీయే. పిల్లవాడు వచ్చినచో రెండు చేతులమీదను అడ్డముగా ఒక పలక వేసి దానిపై కూర్చుండబెట్టెడివారు. ఇది చదువు పెద్దలలో అట్టి పలకమీద కూర్చుండి ఏడువనివారు కొలదిమందియే యుందురు.

నేడు మనము కొను తిరుగుడు కుర్చీ పుట్టినది మాత్రము ఇచ్చట కాదు. అమెరికాలో రోచెస్టరు నగరపు ఆర్చర్ కంపెనీవారు 1878లో పాదపీఠము కుర్చీతోనే కలిసియుండి, వెనుకకు వాలెడి క్షౌరపు కుర్చీని చేసిరి. అంతకుముందు కాళ్ళకు వేరుగా పీట వేయవలసియుండెను. పిమ్మట సెయింట్ లూయీ నగరపు ఎర్నెస్టు కోకెన్ అనునాతడు నూనె పీడనముచే పైకి లేచి, ప్రక్కనున్న ఒక్క మీటచే లొంగెడి కుర్చీని తెచ్చెను. మనుష్యుని యెత్తునకు తాను వంగుట మాని, మనుష్యునే తన చేతి యెత్తునకు తెచ్చుకొనుట క్షురకునికి దానివలన సాధ్యమయ్యెను. తరువాత జపానువారు ఈ పనియందు ప్రవేశించిరి. ఒసాకాలో 1921లో లోహపు పోతశాలగా మొదలైన తకారా కంపెనీ 1931లో క్షౌరపు కుర్చీలు చేయనారంభించి, కాలక్రమమున ఆ కోకెన్ కంపెనీనే కొనివేసెను. పోతపనివారు కుర్చీలవారగుట వింత కాదు. కుర్చీ నిలుచుట దాని అడుగు బరువుమీద ఆధారపడియున్నది. పైనున్న తోలు మెరుగుమీద కాదు.

ఆ దేశపు క్షౌరశాలల చరిత్రలో మన సోదరులు తెలిసికొనదగిన పేరు ఒకటి కలదు. అలొంజో హెర్న్‌డన్ 1858లో బానిసగా పుట్టిన నల్లజాతివాడు. అట్లాంటా నగరమున ఆయన పెట్టిన స్ఫటికభవనమను క్షౌరశాలలో ఇరువదియైదు కుర్చీలు, గాజు దీపగుచ్ఛములు ఉండెను. పనివారందరు నల్లవారు, కూర్చుండువారందరు తెల్లవారు. అనగా ఆ కుర్చీల యజమాని జాతివాడే ఆ కుర్చీలో కూర్చుండుటకు వీలులేదు! 1906 నాటి జాతి కల్లోలములో అల్లరిమూక ఆ దుకాణమును పాడుచేసెను. ఐనను హెర్న్‌డన్ ధైర్యము చెడక, 1905లో తాను స్థాపించిన భీమా సంస్థను పెంచి, తన జాతిలో మిక్కిలి ధనవంతులలో నొకడయ్యెను.

ఈ కథ చదివి తెల్లవారిని నిందించుట సులభము. మన పల్లెలలో దళితుడు వచ్చినపుడు కుర్చీ ఖాళీలేదని చెప్పిన దుకాణములు లేవా? ఊరి పెద్దలకు వెరచి అట్లు చేసితిమని మనవారు చెప్పుదురు; ఆ భయము అబద్ధము కాదు. కాని 1950లో రాజ్యాంగము దుకాణ ప్రవేశమున కులభేదము కూడదని శాసించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము అట్టి నిరాకరణమును శిక్షార్హము చేసినది. పీటమీది ఆసామి యెదుట నేలమీద కూర్చున్న మన తాతను తలచుకొనువాడు, తన కుర్చీని మఱియొకనికి లేదనుట మేము సహింపజాలము. సభలో కొందఱికి ఈ మాట కటువుగా తోచునని యెఱిగియే వ్రాయుచున్నాము.

ఇక అద్దము. 1835లో జర్మను రసాయనవేత్త లీబిగ్ గాజుమీద వెండిపూత పెట్టు విధానమును కనుగొన్న తరువాత నిలువుటద్దములు క్రమముగా సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. 1919లో లియో వాల్ అను అమెరికనుడు విద్యుత్తుతో నడచు క్లిప్పరునకు హక్కుపత్రము కోరెను. అట్టి సాధనములు వచ్చినప్పటినుండి అద్దము బల్లవద్ద విద్యుత్తు తీగ కూడ అవసరమైనది. నేడు అద్దము, బల్ల, సొరుగు, దీపము, ప్లగ్గు అన్నియు ఒక్క ముక్కగా అమ్ముచున్నారు.

వీనిని ఎన్నుకొనుటలో మా యనుభవమొకటి చెప్పుదుము. మేము మొదటి దుకాణమునకు కుర్చీలు కొన్నపుడు అప్పుచేసి, మెరుగు చూచి కొంటిమి. ఏడాది తిరుగకమునుపే రెండు కుర్చీల పంపులలో నూనె కారి, ఎత్తిన కుర్చీ మెల్లగా క్రుంగసాగెను. అమ్మినవారు విడిభాగములు లేవనిరి. అంతకన్న పెద్ద తప్పు మాదే: కుర్చీ ఎంత పైకి లేచునో చూచితిమి గాని, ఎంత క్రిందికి దిగునో చూడలేదు. పొడగరి దేశములకు తగిన కుర్చీ పూర్తిగా దించినను మా కుఱ్ఱవానికి ఎత్తుగానే యుండెను. అతడు దినమెల్ల మోచేతులు భుజముల మీదికెత్తి కత్తెర ఆడించుచు, ఆరు నెలలలో భుజము నొప్పితో వైద్యుని జేరెను. కావున కుర్చీ కొనునపుడు మీలో మిక్కిలి పొట్టివానిని వెంట తీసికొనిపొండు. కుర్చీలో ఒక పొడగరిని కూర్చుండబెట్టి, దానిని అడుగంట దించి, మీవాని మోచేయి భుజమునకు దిగువనే యాడుచున్నదేమో చూడుడు. పిదప ఒక బరువైనవానిని కూర్చుండబెట్టి పైకెత్తి పావుగంట ఊరకుండుడు. క్రుంగినచో మారుమాటాడక వెలుపలికి రండు.

బల్లకు అతికించిన చెక్కపలకలు నీరు తగిలి ఉబ్బును. మన కడపబండయో, తాండూరు బండయో గోడలో దిగవేసినచో తరములు నిలుచును, ఖర్చును తక్కువ. దీపము నడినెత్తిన పెట్టినచో గడ్డము క్రింద నీడపడి కత్తి తప్పును, అద్దమునకిరువైపుల నుంచుడు. వాడిన బ్లేడులకు మూతగల డబ్బా బల్లలోనే ఉండవలయును. కుర్చీకి కుర్చీకి నడుమ ఇద్దఱు పనివారు వీపులు తాకక తిరుగునంత చోటు విడువుడు. 2020 ఏప్రిలులో ఇతర దుకాణములకు సడలింపులిచ్చినపుడు క్షౌరశాలలు మూసియే యుండవలెనని కేంద్రము స్పష్టపరచినది మరువరానిది. మరల తెరచినపుడు ఇఱుకుగా నాలుగు కుర్చీలు వేసినవారు రెంటిని బట్ట కప్పి మూల పెట్టిరి; వానిపై అప్పు మాత్రము నడచుచునేయుండెను. రెండు మంచి కుర్చీలతో మొదలుపెట్టుట మేలని మేము చెప్పునది అందులకే.

కడపట ఒక వస్తువు. కేరళమువారు 2018లోను, తమిళనాడువారు 2021లోను దుకాణములలో పనిచేయువారు కూర్చుండుటకు ఆసనము లుండవలెనని చట్టములను సవరించిరి. గొంతుకూర్చుండి మోకాళ్ళు పోగొట్టుకొన్న తాతల మనుమలు నేడు దినమెల్ల నిలిచి కాలి సిరలు ఉబ్బి బాధపడుచున్నారు. చక్రములు గల చిన్న పీటలు వచ్చినవి. దానిపై కూర్చుండి కుర్చీ చుట్టును తిరుగుచు మెడవెనుక పని చక్కగా చేయవచ్చును. మేము క్రిందటి సంవత్సరము రెండు తెప్పించితిమి. పనివారు మొదట సిగ్గుపడి, ఆసామి యెదుట కూర్చుండుట యెట్లని మూలకు నెట్టిరి. ఇప్పుడు సాయంకాలమగుసరికి ఆ పీటలు ఖాళీగా దొరకుట లేదు, మూడవదానికి చెప్పియున్నాము.