బిగుసుకుపోయే హీట్ వాల్వ్
కార్బురేటర్ కాలపు అమెరికన్ కార్లలో చలికి పెట్రోలు సరిగా ఆవిరయ్యేది కాదు. అందుకే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఒక వాల్వ్ అమర్చి, ఇంజన్ వేడెక్కేదాకా వేడి పొగను కార్బురేటర్ అడుగుకు మళ్లించేవారు. ద్విలోహపు స్ప్రింగు వేడికి సడలగానే వాల్వ్ తెరుచుకునేది. తెలివైన ఏర్పాటే, కానీ ఇరుసుకు తుప్పు, మసి పట్టి బిగుసుకుపోయేది. మూసుకుని బిగుసుకుపోతే కార్బురేటర్‌లో పెట్రోలు మరిగి బండి నీరసించేది; తెరుచుకుని బిగుసుకుపోతే చలిలో ఇంజన్ తడబడేది.

మెకానిక్కులు ఇంజన్ చల్లారాక ఇరుసు రెండు కొసల్లో ద్రావకం పోసి, నానాక సుత్తితో అటూ ఇటూ మెల్లగా తట్టి కదిలించేవారు. ఓపిక కావలసిన పని అది. మామూలు నూనె ఆ వేడికి మాడి మళ్లీ పట్టేస్తుంది గనుక గ్రాఫైట్ కలిపినదే వాడేవారు. కొందరు వాల్వ్‌ను తెరిచి తీగతో కట్టేసేవారు. చలి ప్రాంతాల్లో అది తప్పు వైద్యం.

1980లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వ్యాపించాక ఈ వాల్వ్ అవసరం తీరిపోయింది.