ధర్మాసనము – ఓటుపెట్టె



ఉమ్మడి కుటుంబమున ఏ విషయమున తండ్రిమాట చెల్లును, ఏ విషయమున వేరింటి కాపురమున్న కుమారుని మాట చెల్లును అను తగవు తీరనిచో, నలిగిపోవునది ఆ యింటి కోడలు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గర్భవిచ్ఛిత్తినిగూర్చి నడచిన వివాదమును ఇట్లే గ్రహింపవచ్చును.

ఆ దేశపు రాజ్యాంగము 1787లో రచింపబడెను. కేంద్రమున కొసగబడక, రాష్ట్రములకు నిషేధింపబడక మిగిలిన యధికారములు రాష్ట్రములకు గాని ప్రజలకు గాని చెందునని 1791 నాటి పదవ సవరణ పలికెను. రాష్ట్రములకా, ప్రజలకా? ఈ సందేహమే మన కథకు మూలము.

1973లో సుప్రీముకోర్టు ‘రో’ వ్యాజ్యమున, గర్భవిచ్ఛిత్తి స్త్రీకి రాజ్యాంగసిద్ధమైన హక్కని 7గురు న్యాయమూర్తుల యాధిక్యముతో తీర్పు చెప్పెను. ఇద్దరు విభేదించిరి. దాదాపు అర్ధశతాబ్దము రాష్ట్రములన్నియు దానికి లోబడెను. పిమ్మట మిస్సిసిప్పి రాష్ట్రము 15 వారములు దాటిన గర్భమునకు నిషేధము విధింపగా, ఆ వ్యాజ్యముననే 2022 జూన్ 24న ‘రో’ తీర్పు రద్దయ్యెను. విషయము ప్రజలకును వారి ప్రతినిధులకును మరల చేరెను.

ఆరు వారములైన గడువకమునుపే కాన్సస్ రాష్ట్రమున పరీక్ష వచ్చెను. తమ రాష్ట్ర రాజ్యాంగమే యీ హక్కును కాపాడుచున్నదని అచ్చటి ఉన్నత న్యాయస్థానము 2019లో తీర్మానించియుండెను. దానిని తొలగించు సవరణను శాసనసభ ప్రజల ముందుంచెను. పూర్వాచారాభిమానమునకు పేరొందిన ఆ రాష్ట్రమున, ఆగస్టు 2న నూటికి 59 మంది ‘వల’దనిరి.

ఇక లెక్కల విచిత్రము వినుడు. ఒహాయోలో 2023 నవంబరున హక్కునకు అనుకూలముగా నూటికి సుమారు 57 ఓట్లు వచ్చెను, సవరణ నెగ్గెను. ఫ్లారిడాలో 2024లో నంతే వచ్చెను, ఓడెను. ఏలన, అచ్చట 60 కావలయును. ఒహాయోలో సైతము ఆ గడపను 60కి పెంచు ప్రయత్నమును 2023 ఆగస్టున ప్రజలు త్రోసిపుచ్చిరి. ప్రజలే శాసనమును ప్రతిపాదించు పద్ధతిని రాష్ట్రములలో మొట్టమొదట 1898లో స్వీకరించిన దక్షిణ డకోటా, 2024లో ఈ హక్కును నిరాకరించెను. కావున ఓటుపెట్టె ఏ పక్షమునకును సొత్తు కాదు.

మన తెలుగువారు పెక్కురు నివసించు టెక్సాసులోనో, ప్రజలు స్వయముగా ప్రతిపాదన తెచ్చు మార్గమే లేదు.

కేంద్రము తగవునుండి తొలగెనా? లేదు. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ప్రాణాపాయము తప్పించు చికిత్స చేయవలయునని 1986 నాటి కేంద్రశాసనము. ఐడహో నిషేధము దానికి విరుద్ధమని 2022లో కేంద్రము వ్యాజ్యము వేసెను. 2024లో సుప్రీముకోర్టు మూలప్రశ్నను తేల్చకయే క్రిందికి పంపెను. ప్రభుత్వము మారిన పిదప, 2025లో కేంద్రమే వ్యాజ్యమును విరమించుకొనెను.

బడిలో నేను అధికారవిభజనను నల్లబల్లపై రెండు గళ్లు గీచి బోధించితిని. ఆ గళ్ల నడిమి గీత ఒక్కొక్కప్పుడు రోగిశయ్య మీదుగా పోవునని విద్యార్థులకు చెప్పలేదు. గర్భవిచ్ఛిత్తి ధర్మమా యధర్మమా యను విషయమున మీ యభిప్రాయ మేదియైనను, వైద్యుడు చేయి చాచుటకుముందు న్యాయవాదిని పిలువవలసిన స్థితి మంచిది కాదని మాత్రము ఒప్పుకొందురుగాక.

సెలవు.