నైలు యాత్ర

ఈజిప్టులోని ప్రాచీన కట్టడాలను మార్గదర్శి సహాయంతో చూస్తూ, కొన్ని రాత్రులు నైలు నదిపై ఓడలో గడిపే విహారానికి నైలు యాత్ర అని పేరు. కైరోలో గీజా పిరమిడ్లనూ ప్రదర్శనశాలలనూ చూసి, అక్కడి నుంచి విమానంలోనో రైలులోనో లక్సర్ లేదా అస్వాన్ చేరి, ఆ రెండు పట్టణాల నడుమ సుమారు 200 కిలోమీటర్ల నదీభాగాన్ని ఓడలో దాటడం నేటి యాత్రలలో ఎక్కువగా కనిపించే క్రమం. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రవహిస్తుంది కాబట్టి పటంలో కింద కనిపించే దక్షిణ ప్రాంతమే ఎగువ ఈజిప్టు అవుతుంది. గాలి మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరం నుంచి వీస్తుంది. తెరచాప ఎత్తితే ఎగువకు, దించి ప్రవాహానికి వదిలితే దిగువకు పోగల ఈ సౌకర్యమే ఫారోల (ప్రాచీన ఈజిప్టు రాజుల) కాలం నుంచి ఆవిరి ఓడలు వచ్చేదాకా ఆ దేశపు రాకపోకలకు ఆధారంగా నిలిచింది.

పూర్వ యాత్రికులు: కట్టడాలను చూడటానికే ఈజిప్టు వెళ్ళడం ఆధునికులతో మొదలైన అలవాటు కాదు. క్రీ.పూ. ఐదో శతాబ్ది గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ తాను అస్వాన్ ఎదుటి ఎలిఫెంటీన్ ద్వీపం వరకు వెళ్ళినట్లు చెప్పుకున్నాడు. అయితే దారిలోనే ఉన్న థీబ్స్ (నేటి లక్సర్) ఆలయాలను గురించి అతడు దాదాపు ఏమీ రాయనందువల్ల ఆ మాటను శంకించిన పండితులు ఉన్నారు, వారి శంక తేలికగా కొట్టివేయదగినది కాదు. రోమన్ల విషయంలో ఇటువంటి చిక్కు లేదు. మెమ్నాన్ పేరుతో ప్రసిద్ధికెక్కినా నిజానికి మూడో అమెన్‌హోటెప్ రాజువైన రెండు బృహద్విగ్రహాలలో ఒకటి తెల్లవారే వేళ ధ్వని చేసేదని ప్రతీతి; దాన్ని వినడానికి వచ్చినవారు దాని కాళ్ళపై చెక్కించిన గ్రీకు, లాటిన్ శాసనాలు నూటికి పైగా ఉన్నాయి. క్రీ.శ. 130లో హేడ్రియన్ చక్రవర్తి పరివారంలో వచ్చిన జూలియా బాల్బిల్లా పద్యాలు వాటిలో చెప్పుకోదగ్గవి. సెప్టిమియస్ సెవరస్ చక్రవర్తి 199 ప్రాంతంలో విగ్రహాన్ని బాగు చేయించడంతో ధ్వని ఆగిపోయిందని చాలా గ్రంథాలు రాస్తున్నప్పటికీ, ఆ మరమ్మతు ఆయనదేనని తెలిపే శాసనమేదీ లేదు.

దహబియాలు: నెపోలియన్ 1798 దండయాత్ర వెంట వచ్చిన విద్వాంసుల రచనలు, 1822లో షాంపోలియన్ చిత్రలిపి రహస్యాన్ని విప్పడం ఐరోపా సంపన్నులలో ఈజిప్టు చూడాలన్న కోరిక రేపాయి. వారు కైరోలో దహబియా అనే తెరచాప ఇంటిపడవను అద్దెకు కుదుర్చుకొని, నెలలకు సరిపడే సరుకులు నింపుకొని, బేరసారాలకు ఒక దుబాసీని వెంటబెట్టుకొని బయలుదేరేవారు. జాన్ గార్డ్‌నర్ విల్కిన్సన్ 1847లో ప్రకటించిన యాత్రికుల కరదీపిక, ఎక్కబోయే ముందు ఎలుకలూ పురుగులూ చచ్చేలా పడవను ఒకసారి నీట ముంచి తేల్చడం మంచిదని సలహా ఇస్తుంది. రాజుల లోయలోని సమాధులకు 1827లో వరుస సంఖ్యలు వేసినవాడు కూడా ఇతడే. టూటన్‌ఖామెన్ సమాధికి 62 అన్న సంఖ్య ఆ వరుసకు కొనసాగింపుగా వచ్చినదే. గాలి అనుకూలించినంత కాలం ఆగకుండా ఎగువకు సాగి, తిరుగు ప్రయాణంలో తీరుబడిగా కట్టడాలను చూడటం దహబియా యాత్రికుల పద్ధతి. గాలి పడిపోతే నావికులు ఒడ్డున నడుస్తూ పడవను తాళ్ళతో లాగేవారు. 1873–74 శీతకాలంలో ఇలా అబూ సింబెల్ దాటి నైలు రెండో జలపాతం దాకా వెళ్ళిన ఆంగ్ల రచయిత్రి అమీలియా ఎడ్వర్డ్స్, తన యాత్రా గ్రంథాన్ని 1877లో వెలువరించి, కట్టడాల దోపిడీని అరికట్టాలన్న తపనతో 1882లో ఈజిప్టు ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ స్థాపనకు ప్రధాన కారకురాలయింది.

స్టీమర్లు: థామస్ కుక్ తన తొలి ఈజిప్టు బృందాన్ని 1869లో, అంటే సూయజ్ కాలువ ప్రారంభమైన సంవత్సరంలోనే తీసుకువెళ్ళాడు. వ్యాపారాన్ని స్థిరపరచినవాడు మాత్రం అతని కుమారుడు జాన్ మేసన్ కుక్ అనడం సబబు. 1870 నుంచి ఈజిప్టు పాలకుడైన ఖెదీవ్ స్టీమర్లకు ఏజెంటుగా ఉండి, తరువాత సొంత ఓడలు సమకూర్చుకొన్న ఈ సంస్థ, కైరో నుంచి అస్వాన్ వెళ్ళి రావడాన్ని సుమారు మూడు వారాల నిర్ణీత కార్యక్రమంగా మార్చింది. ఆనాటి ఓడలలో ‘సూడాన్’ ఇప్పటికీ నడుస్తున్నది. దాన్ని 1885లో ఫువాద్ రాజు కోసం కట్టారని కొన్ని ప్రచార రచనలు చెబుతాయి గాని, 1868లో పుట్టిన ఫువాద్ అప్పటికి రాజు కాడు, 1917 వరకు సింహాసనమే ఎక్కలేదు. కుక్ సంస్థ కోసం 1921లో నిర్మితమైందన్న కథనమే విశ్వసనీయం. అగాథా క్రిస్టీ 1937 నాటి నైలు నవలకు ఈ ఓడే ప్రేరణ అన్నది విస్తృతంగా వ్యాపించిన మాట.

నేటి మార్గం: లక్సర్ నుంచి ఎగువకు నాలుగు రాత్రులు, అస్వాన్ నుంచి దిగువకు మూడు రాత్రులు సాధారణం. లక్సర్‌లో తూర్పుగట్టున 134 స్తంభాల మండపం గల కర్ణక్ ఆలయాన్నీ లక్సర్ ఆలయాన్నీ, పడమటిగట్టున రాజుల లోయనూ హాట్‌షెప్సుట్ రాణి ఆలయాన్నీ చూపుతారు. సమాధుల లోపల వివరించడం నిషిద్ధం కాబట్టి గైడ్లు చెప్పవలసినదంతా బయటే చెప్పి యాత్రికులను లోపలికి పంపుతారు. ఎస్నా వద్ద గోదావరి, కృష్ణా డెల్టా కాలువలపై ఉన్నటువంటి లాకు ఓడలను మట్టం మార్చి దాటిస్తుంది. వంతు కోసం ఆగిన ఓడల చుట్టూ చిన్న పడవల వర్తకులు చేరి, బట్టలను మూటగట్టి పైడెక్కు మీదికి విసిరి బేరమాడటం అక్కడి పరిపాటి. తరువాతి మజిలీలు ఎడ్ఫూ, కోమ్ ఓంబో. ఎడ్ఫూలోని హోరస్ ఆలయ నిర్మాణం క్రీ.పూ. 237లో మొదలై 57లో ముగిసింది. ఇసుకలో కూరుకుపోయి, కప్పుపై గ్రామస్థుల ఇళ్ళు లేచిన ఈ ఆలయాన్ని 1860 నుంచి ఆగస్ట్ మేరియెట్ తవ్వి బయటపెట్టించాడు. కోమ్ ఓంబోది మొసలి దేవుడైన సోబెక్‌కూ, డేగ రూపుడైన హరోయెరిస్‌కూ కలిపి కట్టిన జంట ఆలయం.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. ఎస్నా, ఎడ్ఫూ, కోమ్ ఓంబో, ఫిలే ఆలయాలలో నేడు కనబడేది చాలావరకు అలెగ్జాండర్ అనంతరం ఈజిప్టును ఏలిన మాసిడోనియా సంతతి టాలమీలదీ, వారి తరువాతి రోమన్లదీ. గీజా మహాపిరమిడ్‌కూ ఎడ్ఫూకూ మధ్య దాదాపు 2300 ఏళ్ళ దూరం ఉంది. వారం రోజుల యాత్రలో ఇవన్నీ ఒకే ‘ప్రాచీన ఈజిప్టు’గా కలిసిపోవడానికి కారణం, వాటిని కాలక్రమంలో కాక నదీక్రమంలో చూడటమే. లక్సర్–అస్వాన్ ఓడ అటు వెళ్ళదు గనుక లక్సర్‌కు ఉత్తరాన ఉన్న అబిడోస్, డెండెరా వంటి ముఖ్య క్షేత్రాలు ఎక్కువ కార్యక్రమాలలో చోటు కోల్పోయాయి.

ఆనకట్టలు: అస్వాన్ పాత ఆనకట్ట 1902లో పూర్తయ్యాక ఫిలే ద్వీపం ఏటా కొన్ని నెలలు నీట మునిగేది. 1960–70 మధ్య ఎత్తైన ఆనకట్ట కట్టినప్పుడు యునెస్కో చేపట్టిన ఉద్యమంలో, 1964–68లో అబూ సింబెల్ ఆలయాలను రాతిదిమ్మలుగా కోసి సుమారు 65 మీటర్ల ఎత్తున తిరిగి పేర్చారు. ఫిలే ఆలయాలను 1980 నాటికి పక్కనున్న అగిల్కియా ద్వీపానికి తరలించారు. తేదీ తెలిసిన చిట్టచివరి చిత్రలిపి శాసనం (క్రీ.శ. 394 ఆగస్టు 24) ఫిలేలోనే ఉంది. లక్సర్ ఓడలు ఆనకట్టలను దాటలేవు. అబూ సింబెల్‌కు అస్వాన్ నుంచి బస్సులో, విమానంలో, లేదా నాసర్ సరస్సుపై నడిచే వేరే ఓడలలో వెళ్ళాలి. అక్కడ ఫిబ్రవరి 22, అక్టోబరు 22 ప్రాంతాల్లో సూర్యకిరణాలు గర్భగృహంలోని రెండో రామెసెస్ విగ్రహాన్ని తాకుతాయి. అవి ఆ రాజు పుట్టినరోజు, పట్టాభిషేక దినం అని గైడ్లు చెప్పే మాటకు శాసనాధారం లేదు. అతని రాజ్యారోహణను పండితులు ఎక్కువగా వేసవిలో ఉంచుతారు.

ఇటీవలి స్థితి: భద్రతా కారణాలతో 1990ల మధ్యలో నిలిపివేసిన కైరో–లక్సర్ ఓడలను 2012లో తిరిగి అనుమతించారు. 1997 నవంబరు 17న హాట్‌షెప్సుట్ ఆలయం వద్ద ఉగ్రవాదులు 62 మందిని చంపిన తరువాత యాత్రలు చాలాకాలం స్తంభించాయి. 2010లో 1.4 కోట్లు దాటిన విదేశీ సందర్శకుల సంఖ్య, విప్లవం వచ్చిన 2011లో కోటి లోపుకు పడిపోయి, 2024 నాటికి సుమారు 1.57 కోట్లకు పెరిగింది. రాజవంశీకుల 22 మమ్మీలు 2021 ఏప్రిల్ 3న కైరోలోని తహ్రీర్ ప్రదర్శనశాల నుంచి ఫుస్తాత్‌లోని నాగరికతా ప్రదర్శనశాలకు, టూటన్‌ఖామెన్ సంపద గీజా వద్ద 2025 నవంబరులో ప్రారంభమైన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంకు మారాయి. పూర్వం కైరోలో ఒక్క చోట చూడగలిగినదానికి ఇప్పుడు మూడు చోట్లకు వెళ్ళవలసి ఉంటుంది.