కొట్టరువు అన్నదమ్ములు: నెల్లూరి అంతఃకలహంలో కత్తి, మాట

13వ శతాబ్దపు నెల్లూరు చరిత్రను మనం రాజుల వరుసలోనే చెప్పుకుంటూ వచ్చాం. తిక్కభూపాలుడు, 1248 ప్రాంతంలో ఆయన కొడుకు మనుమసిద్ధి, ఆ వెనక పాండ్యుల దండయాత్ర. ఆ వరుస పక్కనే కొట్టరువు వారి ఇంటి వరుస ఒకటి నడిచింది. మంత్రి భాస్కరుడికి కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కొడుకులు. సిద్ధన కొడుకు ఖడ్గతిక్కన. కొమ్మన కొడుకు, మహాభారతం తెనిగించిన తిక్కన సోమయాజి. ఇద్దరికీ తాత ఒకరే, ఇద్దరిదీ మనుమసిద్ధి కొలువే. ఒకరు దండనాయకుడు, ఒకరు మంత్రి. ఒక ఇంటి అన్నదమ్ములు ఒకే రాజు కష్టాన్ని రెండు రకాలుగా మోశారు. ఆ మోతలో ఎవరి వంతు ఎంతో సాహిత్య చరిత్ర సరిగా పంచలేదని నా అభిప్రాయం.

మనుమసిద్ధికి మొదటి ముప్పు బయటివాళ్ల నుంచి రాలేదు. అక్కన, బయ్యన అనే దాయాదులు ఆయన్ను గద్దె దింపి నెల్లూరు ఆక్రమించారు. రాజ్యం చీలినప్పుడు ఊళ్లూ బంధువర్గాలూ చీలతాయి. నిన్న ఒకే జెండా కింద నడిచిన భటులు ఇవాళ ఎదురెదురుగా నిలబడతారు. ఆ దశలో తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుణ్ణి ఆశ్రయించాడనీ, గణపతిదేవుడు సేనతో వచ్చి అక్కన బయ్యనలను ఓడించి మనుమసిద్ధిని తిరిగి నిలబెట్టాడనీ కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. ఆ ద్విపద కావ్యం సంఘటనకు శతాబ్దాల తర్వాతిది. తిక్కన అక్కడ చేసిన ప్రసంగాల వర్ణనను అక్షరాలా నమ్మనక్కర్లేదు. కాకతీయ సేనలు ఆ కాలంలో దక్షిణాదికి దిగిన మాట మాత్రం గట్టిది. గణపతిదేవుడి సేనాని సామంతభోజుడి 1249 నాటి శాసనం కంచి ఏకామ్రనాథుడి గుళ్లో ఉంది.

దాయాదుల పోరులో ఒక పక్షాన రాయబారిగా నడిచిన ఈ మనిషే ఉద్యోగపర్వాన్ని తెలుగులో రాశాడు. కృష్ణుడు కొలువులో మాట్లాడే తీరులో మొహమాటం, బెదిరింపు, బుజ్జగింపు ఎలా ఒకదాని వెంట ఒకటి వస్తాయో గమనించండి. కొలువుల్లో మాట విలువ తెలిసినవాడి చేతిపని అది. ఏది ముందు, ఏది వెనక అన్న కాలనిర్ణయం జోలికి నేను పోవడం లేదు. అన్నదమ్ములు రాజ్యం కోసం కొట్టుకోవడం తిక్కనకు పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదన్నదే నేను చెప్పేది.

రెండో తిక్కన, ఖడ్గతిక్కన సంగతి వేరు. ఆయన పేరు మోగింది కావలికి వాయవ్యంగా, కనిగిరి మెట్టసీమలో, పాలేటి ఒడ్డున. ఎర్రగడ్డపాటి కాటమరాజు ఆలమందల దొర. కరువు వచ్చి మెట్టలో గడ్డి మాడిపోతే మందలను నెల్లూరి సీమ బీళ్లకు తోలుకొచ్చాడు. మేపుకు బదులు పుల్లరి చెల్లించాలని రాజుతో ఒడంబడిక. మేతకాడ రాజు మనుషులు ఆవులను చంపారని యాదవులు పుల్లరి నిలిపేశారు. పుల్లరి ఎగ్గొట్టారని రాజు దండు పంపాడు. ఈ మెట్ట నుంచి తీరం దాకా పశువే సంపద. ఒంగోలు జాతి పశువును బ్రెజిల్ వాళ్లు ఈనాటికీ నెలోరె అనే పిలుస్తారు. మేత కోసం మొదలైన ఈ తగువును దండయాత్రగా లెక్కకట్టడం పొరపాటు. ఇది ఏలినవాడికీ, ఆయన నేల మీద బతికే మందలవాళ్లకూ మధ్య పోరు. రెండువైపులా ఒకే సీమ మనుషులు. కాటమరాజు పక్షాన కదిలినది కూడా కుటుంబమే: అన్నదమ్ములు, పినతండ్రులు, వాళ్ల బిడ్డలు.

ఆ పోరులో ఖడ్గతిక్కన ఒకసారి వెనుదిరిగి ఇల్లు చేరాడు. తర్వాతి ఘట్టం తెలుగునాట తెలియనివాళ్లు తక్కువ. భార్య చానమ్మ ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద ఉంచింది. తల్లి ప్రోలమ విరిగిన పాలు వడ్డించింది. ఆయన తిరిగి వెళ్లి పోరాడి చనిపోయాడు. పాఠ్యపుస్తకాలు దీన్ని వీరమాతల కథగా మెచ్చుకుంటాయి. నాకు ఆ మెప్పు మింగుడుపడదు. సైన్యం చెదిరినప్పుడు వెనక్కి రావడం సేనానికి ఒక్కోసారి తప్పదు. ఆ నిర్ణయానికి కారణం ఏమిటో ఇంట్లో ఎవరూ అడిగినట్టు కథలో లేదు. ఇంటి పరువు అనే బరువు మొత్తం కత్తి పట్టినవాడి మీదే పడింది. ఓరుగల్లు వెళ్లి పరాయి రాజు సాయం అడిగిన తమ్ముణ్ణి మాత్రం ఎవరూ ఎత్తిపొడవలేదు. ఆ పనిని మనం రాజనీతి అన్నాం. సాయం అడగడానికి వెళ్లినవాడికి గౌరవం, ప్రాణంతో తిరిగొచ్చినవాడికి పసుపు ముద్ద! ఒకే ఇంట్లో ఈ తేడా ఎందుకో పరిశోధకులు నిలిచి ఆలోచించాలి.

దాదాపు ఎనభై ఏళ్ల ముందు పల్నాటిలో ఈ లెక్క ఇంకోలా నడిచింది. అనుగురాజు కొడుకులు నలగాముడు, మలిదేవుడు సవతి అన్నదమ్ములు. రక్తసంబంధం అక్కడ యుద్ధానికి కారణమైంది. కారంపూడి రణంలో మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి వెంట నిలిచిన ‘తమ్ములు’ మాత్రం రక్తసంబంధీకులు కారు. బ్రాహ్మణుడు అనపోతు మొదలు చాకలి, మంగలి, కుమ్మరి కులాల బిడ్డల దాకా అందులో ఉన్నారు. బ్రహ్మనాయుడు చాపకూడు పంక్తిలో, అంటే కులభేదం లేని సహపంక్తి భోజనంలో, కూర్చోబెట్టి కలిపిన తోబుట్టువులు వాళ్లు. బ్రాహ్మణుణ్ణి చావు నుంచి తప్పించాలని బాలచంద్రుడు అనపోతును ఏదో నెపంతో వెనక్కి పంపితే, అది తెలిసి అతను ప్రాణం తీసుకున్నాడని కథ. పుట్టుకతో రాని తమ్ముడు తమ్ముడిగా చావడానికి అంత పట్టుబట్టాడు. కొట్టరువు వారికి చాపకూడు అవసరం రాలేదు. వంశమే వాళ్లను కొలువులో కూర్చోబెట్టింది. ఆ వంశమే ఒకణ్ణి పాలేటి ఒడ్డుకు మళ్లీ తోలింది.

మళ్లీ నెల్లూరికి వస్తే, మనుమసిద్ధి రాజ్యం నిలిచిందా అంటే, ఎక్కువ కాలం నిలవలేదు. కొన్నేళ్లకే జటావర్మ సుందరపాండ్యుడు ఉత్తరానికి దండెత్తి వచ్చి నెల్లూరులో వీరాభిషేకం చేసుకున్నాడు. కవి తిక్కన పదిహేను పర్వాలు మిగిలాయి. అందులో స్త్రీపర్వం ఉంది. చచ్చిన కొడుకుల మీద పడి ఏడ్చే తల్లులకూ భార్యలకూ ఆయన నోరిచ్చాడు. ఆయన ఇంటి ఆడవాళ్లు చానమ్మ, ప్రోలమల విషయంలో మాత్రం ఎత్తిపొడుపులే లోకం నోట నిలిచాయి. ఖడ్గతిక్కన కథను ఆ పర్వం పక్కన పెట్టి చదవడం సాహిత్య విద్యార్థులకు నేను చేసే సూచన.

ఇంకో సంగతి కూడా పట్టించుకోవాలి. ఖడ్గతిక్కన పేరు ఇంతకాలం బతికిందంటే అందులో రాజకొలువు పంచిన కీర్తి వంతు కొంచెమే. కొన్ని చాటువులు, మిగతాదంతా కాటమరాజు కథలు. ఆ కథలను యాదవుల కోసం కొమ్ము ఊది పాడుకుంటూ వచ్చింది కొమ్మువారు. వాళ్లు పాడేది కాటమరాజు పక్షం. తమవాళ్ల మీదికి కత్తి ఎత్తిన బ్రాహ్మణ సేనానిని వాళ్లు పాటలోంచి తీసేయలేదు, పిరికివాడిగా చిన్నబుచ్చలేదు. తమ్ముడి పక్కన సాహిత్య చరిత్ర ఇవ్వని చోటును శత్రువుల గాయకులు ఆయనకు ఇచ్చారు.