జీప్ నుంచి ఫార్చ్యూనర్ దాకా: మలుపులో పట్టేసే బండి కథ

 

ఒక బండి ఉంది. ఫుల్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. హైవే మీద ఏ ప్రాబ్లమూ లేదు. కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్టీరింగ్ ఫుల్లుగా తిప్పి పార్క్ చేయబోతే, ఎవరో హ్యాండ్‌బ్రేక్ లాగినట్టు ఆగిపోతుంది. కాస్త యాక్సిలరేటర్ ఇస్తే టైర్లు కీచుమని, బండి గెంతుతుంది. షెడ్‌కి తీసుకెళ్తే "ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది సార్, మొత్తం మార్చాలి" అంటారు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. రెండింటి మధ్య తేడా మీ జేబుకి చాలా పెద్దది.

ఈ ఎపిసోడ్‌లో ఆ జబ్బు చరిత్ర చెప్తాను. రిపేర్ గురించి అయితే చరిత్ర ఎందుకంటారా? ఒక్కో కాలంలో ఇంజనీర్లు దీనికి ఒక్కో మందు కనిపెట్టారు. తర్వాత ఆ మందే పాడై, అదే జబ్బుని తిరిగి తెచ్చింది. మీ బండిలో ఏ కాలం మందు ఉందో తెలిస్తే సగం డయాగ్నసిస్ అయిపోయినట్టే.

ముందు చిన్న లెక్క. మలుపులో నాలుగు చక్రాలూ ఒకే దారిలో వెళ్ళవు. వాన పడ్డాక తడి టైర్లతో సిమెంట్ రోడ్డు మీద యూ టర్న్ కొట్టి, దిగి చూడండి. నాలుగు వేర్వేరు జాడలు కనిపిస్తాయి. లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్తుంది. స్కూల్ మార్చ్‌పాస్ట్‌లో లైన్ మలుపు తిరిగేటప్పుడు లోపలివాడు ఉన్నచోటే అడుగులు వేస్తాడు, బయటివాడు పరుగెత్తాలి కదా, అలా. ఈ కుడి ఎడమల తేడాని సర్దేదే డిఫరెన్షియల్. పెక్యూర్ అనే ఫ్రెంచ్ వాచ్‌మేకర్ 1827లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి పెట్రోల్ కారు పుట్టనే లేదు.

అయితే ముందు వెనకల మధ్య కూడా తేడా ఉంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. రెండు ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు అనుకుందాం. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల రేడియస్‌లో తిరిగితే, పైథాగరస్ లెక్క ప్రకారం ముందు ఇరుసుది సుమారు 5.7 మీటర్లు. ఒక పూర్తి రౌండ్‌కి వెనక 31.4 మీటర్లు, ముందు 35.7 మీటర్లు. అంటే 4 మీటర్లకు పైగా తేడా.

ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే పవర్‌ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచే పెట్టె. అందులో రెండు వైపులనీ గట్టిగా కలిపేస్తే ఆ 4 మీటర్లు ఎక్కడికి పోవాలి? బురదలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. షాఫ్టులు తడిగుడ్డ పిండినట్టు మెలితిరుగుతాయి, గేర్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, చివరికి ఏదో ఒక టైర్ పట్టు వదిలేస్తుంది. అదే ఆ గెంతు. దీన్నే బైండింగ్ అంటారు, వైండప్ అని కూడా అంటారు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: ఈ జబ్బు కనిపించాలా వద్దా అనేది నేల నిర్ణయిస్తుంది. మిగతా కథంతా దీని చుట్టూనే.

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీప్ తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో డిఫరెన్షియల్ లేదు. మందు చాలా సింపుల్: ఒక లివర్. బురదలో ముందు ఇరుసు కలుపు, రోడ్డెక్కాక తీసేయ్. ఇది పార్ట్ టైమ్ పద్ధతి. మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపులు అసెంబుల్ చేయడం మొదలుపెట్టాక మనకీ ఇదే పద్ధతి వచ్చింది. ఇందులో జబ్బుని ఆపేది డ్రైవర్ జ్ఞాపకశక్తి. లివర్ మర్చిపోతే బైండింగే.

డ్రైవర్‌కి ఆ పని లేకుండా, నాలుగు చక్రాలకీ ఎప్పుడూ పవర్ ఉండాలంటే రెండు ఇరుసుల మధ్య ఇంకో డిఫరెన్షియల్ కావాలి. దానికోసం పట్టుబట్టినవాళ్ళలో ముఖ్యుడు ట్రాక్టర్ల హ్యారీ ఫెర్గూసన్. ఆయన 1960లో చనిపోయారు. మరుసటి ఏడాది ఆయన కంపెనీ తయారుచేసిన పీ99 కారులో స్టిర్లింగ్ మాస్ ఇంగ్లండ్‌లో ఔల్టన్ పార్క్ గోల్డ్ కప్ గెలిచాడు. 1966లో అదే టెక్నాలజీ జెన్సన్ ఎఫ్ఎఫ్ కారులో వచ్చింది. తయారైనవి 320 మాత్రమే. 1970లో రేంజ్ రోవర్ సెంటర్ డిఫరెన్షియల్‌తో, దాన్ని బిగించే లాక్‌తో వచ్చింది.

ఆ లాక్ ఎందుకు? సెంటర్ డిఫరెన్షియల్‌కి ఒక బలహీనత ఉంది. ఒక్క చక్రం గాల్లో తిరిగితే మిగతా మూడింటికీ బలం అందదు. కాబట్టి బురదలో లాక్ వేయాలి, రోడ్డెక్కాక తీయాలి. అంటే మర్చిపోయే చాన్స్ మళ్ళీ వచ్చింది.

అమెరికాలో పికప్ ట్రక్కులకి 1973 ప్రాంతంలో న్యూ ప్రాసెస్ 203 అనే ఫుల్ టైమ్ ట్రాన్స్‌ఫర్ కేస్ వచ్చింది. లివర్‌లో మామూలు "హై" పక్కనే "హై లాక్" ఉంటుంది. ఆ లాక్‌లో పొడి రోడ్డు మీద మలుపు తిప్పితే పాత జీప్ జబ్బే. అదే ఏడాది ఆయిల్ సంక్షోభం కూడా వచ్చింది. తర్వాత చాలామంది ఓనర్లు కిట్లు కొని మరీ తమ బండ్లని పార్ట్ టైమ్‌గా మార్పించుకున్నారు.

ఇక నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఆడిది. 1976-77 చలికాలంలో ఫిన్లాండ్‌లో టెస్టింగ్ జరుగుతోంది. అక్కడ ఫోక్స్‌వాగన్ ఇల్టిస్ అనే 75 హార్స్‌పవర్ మిలిటరీ బండి మంచులో తమ పవర్‌ఫుల్ కార్లని దాటేయడం ఆడి ఇంజనీర్ యోర్గ్ బెన్సింగర్ చూశాడు. ఇదే సిస్టమ్ కారులో పెడదామని బాస్ ఫెర్డినాండ్ పీష్‌కి చెప్పాడు. ఆడి 80లో ఇల్టిస్ సామాను పెట్టి ప్రోటోటైప్ చేశారు. సెంటర్ డిఫరెన్షియల్ లేదు. 1978 జనవరిలో ఆస్ట్రియాలో టుర్రాహర్ హోహ అనే మంచు ఘాట్ రోడ్డు మీద పరీక్షించారు. మామూలు వేసవి టైర్లతో 23 శాతం ఎత్తు ఎక్కేసింది. అందరూ హ్యాపీ.

తర్వాత ఫోక్స్‌వాగన్ డెవలప్‌మెంట్ హెడ్ ఎర్న్స్ట్ ఫియాలా ఆ కారుని వియన్నా తీసుకెళ్ళాడు. ఆయన భార్య ఊళ్ళోకి నడిపి, పార్కింగ్ చేసేటప్పుడు ఇది గెంతుతోందని చెప్పింది. అంతే, సెంటర్ డిఫరెన్షియల్ పెట్టాల్సిందేనని ఫియాలా తేల్చేశాడు. ఫ్రాంజ్ టెంగ్లర్ అనే ఇంజనీర్ ఐడియాతో గేర్‌బాక్స్ లోపలే ఒక బోలు షాఫ్ట్ ద్వారా దాన్ని ఇమిడ్చారు. 1980 మార్చిలో జెనీవా షోలో ఆడి క్వాట్రో వచ్చింది.

గమనించారా? ఇంజనీర్లు పరీక్షించింది మంచు మీద. మంచు మీద చక్రాలు జారతాయి కాబట్టి బైండింగ్ దాక్కుంటుంది. పొడి రోడ్డు మీద పార్కింగ్ చేసిన మనిషికి దొరికింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు: టెస్ట్ సర్వర్‌లో అన్నీ పాస్, అసలు యూజర్ మొదటి రోజే బగ్ పట్టేస్తాడు.

తర్వాతి మందు విస్కస్ కప్లింగ్. పలుచని పళ్ళేలు, మధ్యలో చిక్కని సిలికాన్ ద్రవం. ముందు వెనకల స్పీడ్‌లో చిన్న తేడా ఉంటే వదులుగా ఉంటుంది, పెద్ద తేడా వస్తే దానంతట అదే పట్టుకుంటుంది. లివర్ గోల లేదు. అమెరికాలో 1980 మోడల్ ఏఎంసీ ఈగిల్‌లో ఇదే వాడారు. తర్వాత రేంజ్ రోవర్ కూడా దీనికి మారింది. కానీ ఏళ్ళ తరబడి వేడెక్కితే ఇది బిగుసుకుపోయి, ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. అంటే మీరు వేయకుండానే లాక్ పడినట్టు. పాత రేంజ్ రోవర్లలో బైండింగ్ కనిపిస్తే మెకానిక్కులు ముందు దీన్నే అనుమానిస్తారు.

ఆ తర్వాత కంప్యూటర్ నడిపే క్లచ్ ప్లేట్లు వచ్చాయి. 2003లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్ ఈ రకమే. ఇక్కడ ఆయిల్ పాడైనా, టైర్ల సైజు తేడా ఉన్నా మలుపులో జర్క్ వస్తుంది. అమెరికాలో పాత సుబారు ఆటోమేటిక్ కొనుక్కున్న మనవాళ్ళు "టార్క్ బైండ్" అనే మాట వినే ఉంటారు. ఆ కార్లలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. బానెట్ కింద ఎఫ్‌డబ్ల్యూడీ అని రాసి ఉన్న ఖాళీ చోట ఫ్యూజ్ పెడితే వెనక చక్రాలకి పవర్ ఆగుతుంది. అప్పుడు బైండింగ్ పోతే తప్పు చాలావరకు కంట్రోల్ వైపు ఉన్నట్టు. పోకపోతే క్లచ్చే పట్టేసిందని అనుమానించాలి.

సరే, ఇప్పుడు మీ బండి. ఆర్డర్‌లో వెళ్దాం, ఖర్చు లేనివి ముందు.

మొదటిది, లివర్ లేదా లాక్ లైటు చూడండి. మన దగ్గర 2009లో వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్ ఫుల్ టైమ్ బండి. లివర్‌లో హెచ్ పక్కనే హెచ్‌ఎల్ ఉంటుంది. హెచ్‌ఎల్ అంటే లాక్. ఎవరో పొలంలో వేసి మర్చిపోతే, బండిలో రిపేర్ ఏమీ లేదు.

రెండోది టైర్లు. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ 6 మిల్లీమీటర్లు అరిగాయనుకోండి. చుట్టుకొలతలో దాదాపు 38 మిల్లీమీటర్ల తేడా. మామూలు ఎస్‌యూవీ టైర్‌కి కిలోమీటర్‌కి సుమారు 7 చుట్లు తేడా వస్తుంది. తిన్నగా వెళ్తున్నా బండి లోపల ఎప్పుడూ మలుపు తిరుగుతున్నట్టే. మామూలు సెంటర్ డిఫరెన్షియల్ అది తట్టుకుంటుంది. విస్కస్ కప్లింగ్, క్లచ్ ప్లేట్లు మాత్రం వేడెక్కి చస్తాయి. గాలి కూడా చెక్ చేయండి.

మూడోది, రెండు నేలల పరీక్ష. ఖాళీ గ్రౌండ్‌లో, పొడి గట్టి నేల మీద, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పి, నడక వేగంతో ఎనిమిది అంకె వేయండి. తర్వాత అదే పని వదులు మట్టిలో. గట్టి నేల మీద పట్టేసి, మట్టిలో తగ్గిపోతే అది బైండింగ్. రెండు చోట్లా ఒకేలా బరువుగా ఉంటే బ్రేకులు పట్టేశాయేమో చూడాలి. టక్ టక్ అని చప్పుడు మాత్రమే వచ్చి బండి ఆగకపోతే యాక్సిల్ జాయింట్‌ని అనుమానించండి.

నాలుగోది ఆయిల్. కంపెనీ చెప్పిన గ్రేడే పోయించండి. క్లచ్ రకం ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఏదో ఒక గేర్ ఆయిల్ పోస్తే మలుపులో వణుకుతుంది.

ఇవన్నీ అయ్యాకే షెడ్. అక్కడ ఒక షాఫ్ట్ విప్పి చూస్తారు. బైండింగ్ మాయమైతే తప్పు ఎక్కడుందో ఖాయం. ఒక్క హెచ్చరిక: సెంటర్ డిఫరెన్షియల్ ఉన్న బండికి ఒక షాఫ్ట్ తీసేస్తే, లాక్ లేకుండా పార్క్‌లో పెట్టినా బండి దొర్లిపోవచ్చు. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టకుండా ఎవర్నీ కిందికి దూరనివ్వకండి. రెండు చక్రాలు లేపి టోయింగ్ కూడా చేయించకండి.

అలాగని "నడుస్తోంది కదా" అని వదిలేయకండి. ఆ మెలి ప్రతి మలుపులో చైన్‌నీ గేర్లనీ తింటూనే ఉంటుంది. టైర్లతో పోయేది నిజంగానే ట్రాన్స్‌ఫర్ కేస్ దాకా వెళ్తుంది.

షెడ్‌లో "మొత్తం మార్చాలి" అంటే గొడవ పెట్టుకోకండి. "అన్నా, టైర్లు కొలిచావా? మట్టిలో తిప్పి చూశావా?" అని అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు. మీ బండిలో ఏ తరం సిస్టమ్ ఉందో కామెంట్‌లో చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.