ఇంగ్లీషులో ‘ఇఫ్’: మాటల్లో ఒక తీరు, చట్టంలో, శాస్త్రంలో మరో తీరు

1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టంలో 31వ సెక్షన్, ఏదైనా ఘటన జరగడం మీదో జరగకపోవడం మీదో ఆధారపడే ఒప్పందం అంటే ఏమిటో చెబుతుంది. దాని కింద ఇచ్చిన ఉదాహరణ చాలా చిన్నది. బి ఇల్లు కాలిపోతే అతనికి పదివేల రూపాయలు ఇస్తానని ఏ ఒప్పుకుంటాడు. ఇంగ్లీషు మూలంలో ఇక్కడున్న మాట ‘ఇఫ్’. ఆ పక్క సెక్షన్‌లోనే మరో ఉదాహరణ ఉంది. బి, సిని పెళ్లాడినప్పుడు కొంత సొమ్ము ఇస్తానని ఏ ఒప్పుకుంటాడు. ఆ పెళ్లి జరగకుండానే సి చనిపోతుంది, ఒప్పందం చెల్లకుండా పోతుంది. ఇక్కడ మూలంలో ఉన్నది ‘ఇఫ్’ కాదు, ‘వెన్’. పెళ్లి జరిగి తీరుతుందన్న హామీ ఏమీ లేదు కాబట్టి చదివేవారు దాన్నీ షరతుగానే అర్థం చేసుకోవాలి. తెలుగులో అయితే ‘కాలిపోతే’, ‘పెళ్లాడితే’ అని రెంటినీ ఒకే ప్రత్యయంతో చెప్పేయవచ్చు.

షరతు వాక్యానికి రెండు భాగాలు. ఒకటి షరతు, రెండోది దాని ఫలితం. తెలుగు వ్యాకరణం ఈ క్రియారూపాన్ని చేదర్థకం అంటుంది. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని అర్థం. గ్రాంథికంలో ‘వచ్చినచో’ అన్నది నేటి వాడుకలో ‘వస్తే’ అయింది. ఈ రూపానికి కాలం లేదు, పురుష లేదు, వచనం లేదు. నేను వస్తే, వాళ్లు వస్తే, రేపు వస్తే, రోజూ వస్తే... అన్నిటికీ అదే మాట. ఇంగ్లీషులో షరతును చెప్పేది క్రియ బయట నిలిచిన ‘ఇఫ్’ అనే విడి మాట. దాని పక్కన వచ్చే క్రియ మాత్రం ఏదో ఒక కాలరూపం తొడుక్కోక తప్పదు. తెలుగువాళ్లకు ఇంగ్లీషు షరతు వాక్యాల్లో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

పైగా తెలుగు ‘-తే’ ప్రతిసారీ షరతు కాదు. ‘నేను వెళ్తే అక్కడ ఎవరూ లేరు’ అన్నప్పుడు వెళ్లడం నిజంగానే జరిగిపోయింది. దీన్ని ‘ఇఫ్ ఐ వెంట్’ అని మారిస్తే అర్థం తలకిందులవుతుంది. ‘వెన్ ఐ వెంట్’ అనాలి. ‘వాన వచ్చినా’ అన్నదీ ఇలాంటిదే. ‘వాన వచ్చినా వెళ్తాం’ అంటే ‘ఈవెన్ ఇఫ్’, ‘వాన వచ్చినా వెళ్లాం’ అంటే ‘ఈవెన్ దో’. వాన వచ్చిందో లేదో తెలుగులో వాక్యం చివరి క్రియ చెబుతుంది, ఇంగ్లీషులో వాక్యం మొదటి మాటే చెప్పేయాలి.

పాఠ్యపుస్తకాల నాలుగు గళ్లు

స్కూలు పుస్తకాలూ, ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షల గైడ్లూ షరతు వాక్యాలను నాలుగు రకాలు చేసి నేర్పుతాయి. ‘ఇఫ్ యు హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్’ అన్నది సున్నా రకం, ఎప్పుడూ జరిగేది. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, వి విల్ స్టే హోమ్’ మొదటి రకం, జరగవచ్చు. ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్’ రెండో రకం, డబ్బు లేదని తెలుస్తూనే ఉంది. ‘ఇఫ్ యు హాడ్ కమ్ యెస్టర్‌డే, యు వుడ్ హావ్ మెట్ హర్’ మూడో రకం, అవకాశం దాటిపోయింది.

నేర్పడానికి ఈ పట్టిక సులువే. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు మాత్రం ఈ గళ్లలో కుదురుగా కూర్చోరు. ‘ఆమె ఆరింటికి బయల్దేరి ఉంటే ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది’ అన్న వాక్యం ఇంగ్లీషులో ‘ఇఫ్ షి లెఫ్ట్ ఎట్ సిక్స్, షి ఈజ్ హోమ్ బై నౌ’ అవుతుంది. ఇది నాలుగు రకాల్లో దేనికీ చెందదు, అయినా నిక్షేపమైన ఇంగ్లీషు. రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ 2002లో వెలువరించిన ‘ద కేంబ్రిడ్జ్ గ్రామర్ ఆఫ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్’ ఈ నాలుగు గళ్లను పక్కనపెట్టి రెండే రకాలు చూపింది. నిజమో కాదో తేల్చకుండా తెరిచి ఉంచిన షరతు ఒకటి, నిజానికి దూరంగా జరిపిన షరతు మరొకటి. రెండో రకంలో క్రియకు తొడిగే భూతకాల రూపం గడిచిన కాలాన్ని చెప్పదు, వాస్తవం నుంచి దూరాన్ని చెబుతుంది. ‘ఇఫ్ ఐ హాడ్ మనీ’లో ‘హాడ్’ నిన్నటి సంగతి కాదు, ఇవాళ్టి లేమి.

ఇది తెలుగువాళ్లకు వింతగా తోచనక్కర్లేదు. ‘డబ్బుంటే ఇల్లు కొంటాను’ అనడానికీ, ‘డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ని’ అనడానికీ తేడా ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ ‘కొనేవాణ్ని’ మామూలుగా గతంలో అలవాటుగా చేసిన పనిని చెప్పే రూపం: ‘చిన్నప్పుడు రోజూ బఠాణీలు కొనేవాణ్ని’. జరగని దాన్ని చెప్పడానికి తెలుగు అదే రూపాన్ని అరువు తెచ్చుకుంది. ఇంగ్లీషు ‘వుడ్’ కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. గతంలోని అలవాటునూ చెబుతుంది, జరగని ఊహనూ చెబుతుంది. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషలు ఒకే ఉపాయం పన్నాయి. దాన్ని క్లాసులో చూపించి చెబితే పిల్లలకు రెండో రకం షరతు వాక్యం బట్టీ పట్టే అవసరం చాలావరకు తప్పుతుంది.

‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో’ అని రాసేది కూడా తెలివితక్కువతనం వల్ల కాదు. రేపటి సంగతికి ‘విల్’ పెట్టాలని నేర్పిన సూత్రాన్ని నమ్మడం వల్లే. ఇంగ్లీషు షరతు భాగంలో మామూలుగా భవిష్యత్తుకు వర్తమాన రూపమే వాడతారు. అక్కడ ‘విల్’ కనిపిస్తే దానికి ఇష్టపడటం అన్న అర్థం వస్తుంది. ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్’ అంటే ‘కాస్త ఆగగలిగితే’ అన్న మర్యాద. ఇక ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అన్న రూపం అమెరికన్ల సంభాషణల్లోనూ బాగా వినిపిస్తుంది, పరీక్ష పేపరులో మాత్రం మార్కు పోతుంది.

షరతు కాని షరతులు

రోజువారీ ఇంగ్లీషులో ‘ఇఫ్’ ఉన్నంత మాత్రాన అక్కడ షరతు ఉన్నట్టు కాదు. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1956లో చేసిన ‘ఇఫ్స్ అండ్ కాన్స్’ ప్రసంగంలో ఒక మాట ఎత్తి చూపారు: కావాలంటే అల్మారా మీద బిస్కెట్లున్నాయి. మీకు అక్కర్లేకపోయినా బిస్కెట్లు అక్కడే ఉంటాయి. షరతు బిస్కెట్లు ఉండటానికి కాదు, ఆ కబురు మీకు పనికిరావడానికి. అప్పటినుంచి భాషావేత్తలు ఇలాంటి వాక్యాలను బిస్కెట్ కండిషనల్స్ అనే పిలుస్తున్నారు. తెలుగిళ్లలో ‘ఆకలేస్తే ఫ్రిజ్‌లో పెరుగన్నం ఉంది’ అన్నదీ అదే కోవ.

ఇంకో రకంలో వినేవాళ్లే అర్థాన్ని పెంచుకుంటారు. ‘లాన్ కోస్తే అయిదు డాలర్లిస్తా’ అని తండ్రి అంటే, కోయకపోతే ఇవ్వనని కూడా పిల్లాడు వింటాడు. వాక్యంలో ఆ రెండో సగం లేదు. మైకేల్ గైస్, ఆర్నాల్డ్ జ్వికీ 1971లో ఈ ఉదాహరణతోనే, ‘ఇఫ్’ను మనుషులు సహజంగా ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’గా సాగదీసుకుంటారని చూపారు. ఎన్నికల హామీలు ఈ సాగదీత మీద బాగానే బతుకుతాయి. మాకు ఓటేస్తే పనులు జరుగుతాయి అన్న మాటలో వేయకపోతే ఏమవుతుందో చెప్పకుండానే చెప్పినట్టవుతుంది.

బహిరంగ క్షమాపణల్లో ఇది తిరగబడుతుంది. ‘ఇఫ్ ఎనీవన్ వాజ్ హర్ట్, ఐ అపాలజైజ్’, మన దగ్గర ‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాను’. దెబ్బ తగిలిందని ఒప్పుకోకుండా, తగిలి ఉంటే అని షరతు పెట్టి, చేసిన పనిని పక్కకు జరిపే ఏర్పాటు ఇది. వ్యాకరణం ప్రకారం ఇది తెరిచి ఉంచిన షరతు. దెబ్బతిన్నవాళ్లు ఎదురుగా నిలబడి ఉండగా ఈ వాక్యం అంటే, అది క్షమాపణ కాకుండా పోయేది సరిగ్గా ఆ తెరిచి ఉంచడం వల్లే.

‘ఇన్ కేస్’ అన్న మాటను మన దేశంలో ‘ఇఫ్’కు బదులుగా వాడేస్తాం. బ్రిటిష్ వాడుకలో ‘వానొస్తుందేమో, గొడుగు తీసుకెళ్లు’ అన్నది ‘ఇన్ కేస్’. ‘వానొస్తే గొడుగు తీసుకెళ్లు’ అన్నది ‘ఇఫ్’. మొదటి సలహా పాటించినవాడు వాన రాకపోయినా గొడుగు మోస్తాడు. మందుల చీటీల మీద, యంత్రాల మాన్యువల్స్‌లో ఈ తేడా చిన్నది కాదు.

పండితుల ‘ఇఫ్’

తర్కశాస్త్రంలో ‘ఇఫ్ పి, దెన్ క్యు’ అన్న వాక్యం ఒకే సందర్భంలో అబద్ధం: పి నిజమై క్యు అబద్ధమైనప్పుడు. పి అబద్ధమైతే వాక్యం దానంతటదే నిజం. ఈ లెక్కన ‘చంద్రుడు వెన్నముద్ద అయితే రెండూ రెండూ అయిదు’ అన్నది నిజమైన వాక్యమే. ఇది మామూలు మాటల్లోని ‘ఇఫ్’ కాదని తర్కవేత్తలకూ తెలుసు, లెక్కకు సౌకర్యమని ఉంచుకున్నారు. గణితంలో మరో వింత ఉంది. సిద్ధాంతాల్లో ‘ఇఫ్’, ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ వేరువేరు. నిర్వచనాల్లో మాత్రం ఒట్టి ‘ఇఫ్’ రాసి రెండోదానిగా చదువుకోమంటారు. సరిసంఖ్యను ‘రెండుతో భాగించబడితే సరిసంఖ్య అంటాం’ అని నిర్వచిస్తే, భాగించబడకపోతే అనబోమని కూడా అందులోనే ఉంది.

ఈ తర్కపు ‘ఇఫ్’ మనిషి బుర్రకు ఎంత కష్టమో పీటర్ వేసన్ 1966లో నాలుగు కార్డులతో చూపారు. ప్రతి కార్డుకూ ఒక వైపు అక్షరం, ఇంకోవైపు అంకె. ఒక వైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి అన్నది నియమం. పైకి ఇ, కె, 4, 7 కనిపిస్తున్నాయి. నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? ఎక్కువమంది ఇ, 4 అంటారు. సరైన జవాబు ఇ, 7. ఏడు వెనక అచ్చుంటే నియమం తప్పిపోతుంది, నాలుగు వెనక ఏమున్నా తప్పదు. 1982లో రిచర్డ్ గ్రిగ్స్, జేమ్స్ కాక్స్ ఇదే పరీక్షను, బీరు తాగేవాడికి నిర్ణీత వయసు నిండి ఉండాలి అన్న నియమంతో పెడితే ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. తర్కం అదే, కాకపోతే దొంగను పట్టుకునే పని కలిసింది.

జరగని దాన్ని ఊహించే షరతు తత్వవేత్తలకు ఇంకా పెద్ద తలనొప్పి. ఎర్నెస్ట్ ఆడమ్స్ 1970లో రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టారు. ఓస్వాల్డ్ కెనెడీని చంపలేదంటే మరొకరెవరో చంపారు. ఓస్వాల్డ్ కెనెడీని చంపకపోయి ఉంటే మరొకరెవరో చంపి ఉండేవారు. మొదటిది అందరూ ఒప్పుకుంటారు, కెనెడీ హత్య జరిగింది కాబట్టి. రెండోది ఒప్పుకోవాలంటే కుట్ర సిద్ధాంతాన్ని నమ్మాలి. ఇంగ్లీషులో తేడా అంతా ‘డిడింట్’, ‘హాడింట్’ల మధ్య ఉంది. 1973లో డేవిడ్ లూయిస్ ‘కౌంటర్‌ఫ్యాక్చువల్స్’ పుస్తకంలో రెండో రకాన్ని, మన లోకానికి అతి దగ్గరి పోలిక ఉన్న ఊహాలోకాల్లో ఏం జరుగుతుందో చూసి తేల్చాలన్నారు.

ఈ ఊహ కోర్టుల్లో డబ్బు తేలుస్తుంది. 1960ల చివర లండన్‌లో ఒక కేసు నడిచింది. టీ తాగాక వాంతులతో ముగ్గురు కాపలాదారులు ఆసుపత్రికి వస్తే, డ్యూటీ డాక్టరు చూడకుండానే ఇంటికి పొమ్మన్నారు. ఒకరు చనిపోయారు. టీలో ఆర్సెనిక్ కలిసిందని తర్వాత తెలిసింది. ఆసుపత్రి నిర్లక్ష్యం చేసిందని కోర్టు తేల్చింది. కానీ డాక్టరు చూసి ఉంటే బతికేవాడా అన్న ప్రశ్నకు, చూసినా విరుగుడు సమయానికి అంది ఉండేది కాదన్న జవాబు వచ్చింది. భార్య దావా ఓడిపోయింది. ఒక ‘ఇఫ్’ మీద పరిహారం నిలిచింది, పోయింది.

ఆర్థిక చరిత్రలోనూ ఇదే పద్ధతి. రాబర్ట్ ఫోగెల్ 1964లో, రైల్వేలే లేకపోయి ఉంటే 1890 నాటి అమెరికా ఎంత నష్టపోయేదో లెక్కకట్టి, అందరూ అనుకున్నంత కాదన్నారు. ఆయనకు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

అన్‌లెస్ కింద ఏముంది

దస్తావేజుల ఇంగ్లీషులో ‘ఇఫ్’ తరచూ కనిపించకుండా పోతుంది. ఉద్యోగ ఉత్తర్వులో ‘షుడ్ యు ఫెయిల్ టు జాయిన్’ అని ఉంటే ‘షుడ్’ అంటే ‘తప్పనిసరి’ కాదు, ‘ఒకవేళ చేరకపోతే’ అని. ‘ప్రొవైడెడ్ దట్’, ‘సబ్జెక్ట్ టు’, ‘అన్‌లెస్’ అన్నీ షరతులే. ‘అన్‌లెస్’లో కాదనడం లోపలే ఉంది కాబట్టి పక్కన ‘నాట్’ పెడితే అర్థం తిరగబడుతుంది. మన ఆఫీసుల ప్రియమైన ‘అన్‌లెస్ అండ్ అంటిల్’ మాత్రం ఒకే పనికి ఇద్దరు మనుషులను పెట్టడం.

రాజ్యాంగం 3వ అధికరణంలోని ప్రొవైజోలో ఇలాంటి ‘అన్‌లెస్’ ఒకటుంది. రాష్ట్రాల విస్తీర్ణం, సరిహద్దులు, పేరు మార్చే బిల్లును, రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభకు అభిప్రాయం కోసం పంపితే తప్ప పార్లమెంటులో ప్రవేశపెట్టకూడదు. ఇక్కడ షరతు ఏమిటన్నది 2013-14లో ఆంధ్రప్రదేశ్ మొత్తం వాదించుకున్న విషయం. సభ ఒప్పుకోవడమా, సభకు పంపడమా? అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పి ఉంది. 2014 జనవరి 30న శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ ‘అన్‌లెస్’ కింద ఉన్న క్రియ పంపడం, ఒప్పుకోవడం కాదు.